పులి కనిపించిందన్న మాట



2022 మే నెలాఖరు. రోహిణీ కార్తె ఎండలు. కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పోతులూరు అనే ఊరు ఉంది. మేతకు తోలిన గొడ్లు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి లెక్క తగ్గుతోంది. వెతుక్కుంటూ వెళ్ళిన వాళ్ళకు సగం తిన్న కళేబరాలు కనిపించాయి. వాటి పక్కన మట్టిలో పెద్ద పెద్ద అడుగులు. అటవీ శాఖ వాళ్ళు వచ్చి చెట్లకు కెమెరాలు కట్టారు. కెమెరాలో పడిన బొమ్మ చూశాక ఇక ఎవరికీ అనుమానం లేకపోయింది. అది పెద్దపులి.

ఆ తర్వాతి నెల రోజుల కథ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బోన్లు తెచ్చారు. ఎర కట్టారు. పులి బోను దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. ఆ దృశ్యం కూడా కెమెరాకు చిక్కింది. పులి మాత్రం చిక్కలేదు. ఒక ఊళ్ళో కాపలా కాస్తే పక్క ఊళ్ళో పశువు పడేది. జీడితోటలకూ పొలాలకూ వెళ్ళాలంటే జనం భయపడ్డారు. చీకటి పడ్డాక ఊళ్ళన్నీ తలుపులు వేసుకున్నాయి.

జూన్ చివరికి అది అనకాపల్లి జిల్లాలో అడుగుపెట్టింది. 2022 ఏప్రిల్ 4న పుట్టిన కొత్త జిల్లాలు ఇవి రెండూ. మూడు నెలల వయసు కూడా లేని సరిహద్దులను ఆ పులి రాత్రికి రాత్రే దాటేసింది. కోటవురట్ల వైపు, తర్వాత కశింకోట వైపు, ఆ తర్వాత సబ్బవరం వైపు దాని కబురు వినిపిస్తూ వచ్చింది. సబ్బవరం అంటే విశాఖ నగరం గుమ్మం. ఒక్క రాత్రి నడిస్తే పెందుర్తి. అప్పటిదాకా ఎక్కడో ఏజెన్సీ కబురులా విన్న నగరవాసులు మొదటిసారి తమ ఇంటి వెనక కొండ వైపు తలెత్తి చూశారు. పులి మాత్రం నగరంలోకి రాలేదు. విజయనగరం జిల్లా వైపు సాగిపోయింది. ఇంత దూరం ఇన్ని ఊళ్ళ మధ్య నుంచి నడిచిన ఆ జంతువు ఒక్క మనిషి ప్రాణం తీయలేదు.

ఈ చివరి సంగతిని దయచేసి మనసులో ఉంచుకోండి. ఎందుకంటే ఆ వేసవిలో మన ఫోన్లలో తిరిగిన పులి వేరు. ఎక్కడెక్కడి వీడియోలో, ఏ రాష్ట్రానివో, ఏ దేశానివో తెచ్చి మన ఊరి పేరు తగిలించి పంపుకున్నాం. ఒకే రాత్రి వంద కిలోమీటర్ల ఎడంలో నాలుగు చోట్ల పులి కనిపించినట్టు చెప్పుకున్నాం. నిజంగా కళ్ళతో చూసిన పశువుల కాపరి మాట ఆ గోలలో వినబడకుండా పోయింది. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ కాపరి మాట గురించే. పులిని చూశానని ఒక మనిషి చెప్పినప్పుడు దాన్ని మనం ఎలా తీసుకోవాలి? ఆ మాట విన్న గంటలో ఏం చేయాలి? పులీ మనిషీ ఇద్దరూ బతకడం ఆ గంట మీదే ఆధారపడి ఉందని నా నమ్మకం.

ముందు, ఆ పులి ఇటు ఎందుకు వచ్చింది? దారి తప్పి వచ్చిందన్నారు చాలామంది. నేనైతే అలా అనను. మగపులి పిల్ల రెండు మూడేళ్ళకు తల్లి దగ్గర నుంచి విడిపోతుంది. తన తండ్రి ఏలుతున్న అడవిలో దానికి చోటు దొరకదు. తనకంటూ నీళ్ళు, వేట, జోడు ఉన్న చోటు వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు నడుస్తుంది. 2023లో ఒడిశాలోని గజపతి జిల్లా మహేంద్రగిరి కొండల్లో ఒక పులి ఫొటో దొరికింది. చారలు పోల్చి చూస్తే అది మహారాష్ట్రలోని బ్రహ్మపురి వైపు అడవుల్లో ఇదివరకే నమోదైన పులి. మనుషుల వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు కనుక దేహ్రాదూన్‌లోని వన్యప్రాణి సంస్థ ఆ సంగతి తేల్చగలిగింది. సుమారు 2,000 కిలోమీటర్లు నడిచిందని అంచనా వేశారు. మహేంద్రగిరి మనకు పరాయిది కాదు. శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి చూస్తే కనిపించే కొండే అది.

ఇప్పుడు పటం చూడండి. అటు మహేంద్రగిరి, ఇటు గోదావరి గట్టున పాపికొండలు. పాపికొండల జాతీయ ఉద్యానం 1,012 చదరపు కిలోమీటర్లు. ఈ రెంటి మధ్య పొడుగునా ఉన్నవి మన తూర్పు కనుమలే. పాడేరు, అరకు, చింతపల్లి, నర్సీపట్నం మీదుగా ఆ కొండలు తెగీ తెగకుండా సాగుతాయి. విశాఖ దగ్గరకు వచ్చేసరికి సముద్రంలో కాలు పెడతాయి. సింహాచలం కొండ, నరవ కొండలు, కైలాసగిరి, యారాడ కొండ, తొట్లకొండ, బావికొండ ఇవన్నీ ఆ కుటుంబంలోవే. మనం వాటి మధ్య పల్లంలో రేవు కట్టుకున్నాం, ఉక్కు కర్మాగారం కట్టుకున్నాం, కాలనీలు వేసుకున్నాం. కొండ దిగి ఇంకో కొండ ఎక్కాలనుకునే జంతువుకు మధ్యలో మనం అడ్డు వచ్చాం. అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా ఆరు వరుసల రహదారి వచ్చింది. దాని కింద నుంచి వాగు పోవడానికి తూములు వేశాం. జంతువు పోవడానికి ఎన్ని వేశామో ఆ రోడ్డు మీద తిరిగే వాళ్ళు ఒకసారి గమనించి చూడండి.

పెద్దపులి సంగతి అలా ఉంచండి. అది విశాఖకు అరుదైన బాటసారి. చిరుత అలా కాదు, అది ఇక్కడి జంతువు. నగరాన్ని ఆనుకుని ఉన్న కంబాలకొండ అభయారణ్యం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉండేది. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ అడవి పేరు చెప్పగానే వన్యప్రాణి పుస్తకాల్లో ముందు రాసేది చిరుత గురించే. మధురవాడలోనో, ఎండాడలోనో ఇల్లు కొనుక్కున్నవాళ్ళు కిటికీ తెరిస్తే కనిపించేది ఆ అడవే. అంటే చిరుత మన పక్కింటికి రాలేదు. మనమే దాని పక్కన ఇల్లు తీసుకున్నాం.

ఆ అడవి అంచులోనే ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఉంది. 1977లో తెరిచారు, 625 ఎకరాలు. దాని దగ్గర్లో ఇంకొక చోటు ఉంది, చాలామంది విశాఖ వాళ్ళకే తెలియదు. సర్కస్‌లలో ఆడించిన సింహాలను, పులులను తెచ్చి ఉంచిన రక్షణ కేంద్రం అది. 1998లో కేంద్ర ప్రభుత్వం సర్కస్‌లలో సింహాన్నీ, పులినీ, చిరుతనూ, ఎలుగునూ, కోతినీ ఆడించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అప్పుడు సర్కస్ వాళ్ళ దగ్గర మిగిలిన వందలాది జంతువుల కోసం దేశంలో కొన్ని కేంద్రాలు పెట్టారు. విశాఖ, తిరుపతి వాటిలో ఉన్నాయి. ఆ సింహాలు అడవి ఎరగవు. ఆఫ్రికా సింహాలకూ మన గిర్ సింహాలకూ పుట్టిన కలగలుపు సంతతి. వాటిని మళ్ళీ పిల్లలు పెట్టనివ్వలేదు. ఉన్నన్నాళ్ళు తిండి పెట్టి, మందు ఇచ్చి, ముసలితనం గడవనిచ్చారు. మన నగరం ఒక మంచి పని చేసిందని చెప్పుకోవడానికి ఇది నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ.

జూ పక్కన బతకడంలో ఒక చిక్కు ఉంది. రాత్రి నిశ్శబ్దంలో సింహం గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపించగలదు. కొత్తగా వచ్చిన మనిషి అది విని కొండ మీద పులి అరుస్తోందనుకుంటే తప్పు పట్టలేం. కానీ చిరుత అలా గర్జించదు. ఎండు దుంగను రంపంతో కోస్తుంటే వచ్చే చప్పుడులా ఉంటుంది దాని అరుపు. తెగిపోతూ, మళ్ళీ అందుకుంటూ. ఆ చప్పుడు ఒకసారి వింటే ఇక మరచిపోలేరు.

ఇక చూశామని చెప్పేవాళ్ళ సంగతి. మన జిల్లాల్లో చిరుత అని చెప్పినవాటిలో చాలా భాగం వేరే జంతువులని తేలుతుంటాయి. చెరకు కొట్టేటప్పుడు దొరికే పిల్లలను చూడండి. అనకాపల్లి, చోడవరం వైపు చెరకు మడుల్లో జంగుపిల్లి పిల్లలు పెడుతుంది. కళ్ళు తెరవని ఆ కూనలను చూసి చిరుత కూనలని ఊరంతా పోగవుతుంది. ఎవరో ఇంటికి తీసుకెళ్ళి పాలు పట్టిస్తారు. తల్లి సాయంత్రం వచ్చి వెతుక్కుని పోతుంది. తీరం వెంబడి మడ అడవుల్లో, చిత్తడి నేలల్లో బావురుపిల్లి ఉంటుంది. ఒంటి మీద మచ్చలుంటాయి, బలంగా ఉంటుంది, నీళ్ళలోకి దూకి చేపలు పడుతుంది. కాకినాడ దగ్గర కోరంగి అడవి దానికి పేరుపొందిన చోటు. దాన్ని రాత్రి టార్చి వెలుగులో చూసిన మనిషి చిరుత పిల్ల అనుకోవడం సహజం. దుమ్ములగొండి ఉంది. దాని ముందు కాళ్ళు పొడుగు, వెనక భాగం వాలు. దాని ఒంటి చారలు చూసి పెద్దపులి అనుకున్నవాళ్ళున్నారు.

అందుకే అడుగులు చూడటం నేర్చుకోవాలి. ఇది పెద్ద విద్యేమీ కాదు, మన పల్లెల్లో గొడ్లు కాసే పెద్దలకు తెలిసిందే. పిల్లి జాతి జంతువు నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. అడుగులో గోరు గుర్తు పడదు. కుక్క అడుగులో, దుమ్ములగొండి అడుగులో గోళ్ళు కనిపిస్తాయి. పులి అడుగు మెత్త వెనక అంచున మూడు మడతలు ఉంటాయి. పెద్దపులి అడుగు పన్నెండు సెంటీమీటర్లు, ఆ పైనే. చిరుతది ఎనిమిది, తొమ్మిది. తడి మట్టిలో అడుగు సాగి ఉన్నదాని కంటే పెద్దగా కనిపిస్తుంది, అది కూడా గుర్తుంచుకోవాలి. చచ్చిన పశువు కూడా సంగతి చెబుతుంది. పులీ చిరుతా గొంతు పట్టి చంపుతాయి. పెద్దపులి తరచూ వెనక తొడల వైపు నుంచి తింటుంది. చిరుత పొట్ట వైపు, రొమ్ము వైపు మొదలుపెడుతుంది. ఊరకుక్కలు కొట్టిన మేక ఒళ్ళంతా చీలికలుగా ఉంటుంది. ఇవన్నీ కళేబరాన్ని కదపకుండా ఉంచితేనే తెలుస్తాయి. వంద మంది తొక్కిన చోట ఏ అడుగూ మిగలదు.

తప్పుగా చూడటం మన పల్లె జనానికే పరిమితం అనుకుంటే పొరపాటు. 2023 జూలైలో జర్మనీ రాజధాని బెర్లిన్ పక్కన క్లైన్‌మాఖ్నో అనే పట్టణంలో ఆడసింహం తిరుగుతోందని ఒక వీడియో వచ్చింది. పోలీసులు హెలికాప్టర్లు లేపారు, డ్రోన్లు తిప్పారు, జనాన్ని ఇంట్లోంచి రావద్దన్నారు. ఒక రోజు దాటాక నిపుణులు వీడియో చూసి అది అడవిపంది అని తేల్చారు. బ్రిటన్‌లో ఇంకా పాత కథ ఉంది. అక్కడ అడవి చిరుతలు లేనే లేవు. అయినా కార్న్‌వాల్‌లోని బోడ్మిన్ మైదానంలో నల్లని పెద్ద పిల్లి తిరుగుతోందని ఏళ్ళ తరబడి జనం చెబుతూ వచ్చారు. చివరికి 1995లో ప్రభుత్వమే విచారణ జరిపించింది. నిలబడే ఆధారం ఏదీ దొరకలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక ఏట్లో చిరుత పుర్రె దొరికింది. అందరూ ఇదిగో సాక్ష్యం అన్నారు. లండన్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియం వాళ్ళు పరీక్షిస్తే పుర్రె చిరుతదే, కానీ అది చర్మంతో చేసిన తివాచీ నుంచి ఊడదీసిన తల. ఆ పుర్రెలో ఉష్ణదేశపు బొద్దింక గుడ్ల తిత్తి కూడా దొరికింది.

ఈ రెండు కథలూ చెప్పడంలో నా ఉద్దేశం చూసిన మనిషిని నవ్వులపాలు చేయమని కాదు. అక్కడా ఇక్కడా తేడా చాలా ఉంది. బోడ్మిన్‌లో చూశానన్నవాడి మాట పొరపాటయితే ఎవరికీ నష్టం లేదు. మన దగ్గర ఆ మాట నిజమయ్యే అవకాశం ఉంది. 2022 దేశవ్యాప్త లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో చిరుతలు సుమారు 569 అని వచ్చింది. అంతకు ముందు 2018 లెక్కలో 492. 2022లో పెద్దపులులు 63. ఆ లెక్కలు అడవుల్లో కెమెరాలు పెట్టి తీసినవి. చెరకు తోటలూ, జీడితోటలూ, ఊరి వెనక రాళ్ళగుట్టలూ ఆ లెక్కలోకి రావు. కాబట్టి ఒక ముసలమ్మ వచ్చి గుట్ట మీద చిరుతను చూశాను బాబూ అంటే, నీకు చూపానదు, కుక్కయి ఉంటుంది పో అని పంపేయడం మహా పాపం. ఆ మాట విని వెళ్ళి చూడాలి. కుక్క అయితే మంచిదే. చిరుత అయితే ఆ గుట్ట దారిన బడికి వెళ్ళే పిల్లల సంగతి ఆలోచించాలి.

మన పూర్వులకు పులి కబురు కొత్త కాదు. అప్పటి వైజాగపటం జిల్లా అంటే ఇప్పటి కోరాపుట్, రాయగడ కూడా కలిపిన పెద్ద జిల్లా. ఏజెన్సీ కొండల్లో పులి భయం రోజువారీ సంగతి. కొండ మనుషుల్లో కొందరు పులిగా మారగలరని ఖోండు గిరిజనులు నమ్మేవారని థర్‌స్టన్ అనే ఆంగ్లేయ అధికారి 1909లో అచ్చయిన తన కులాల పుస్తకంలో రాశాడు. పులి వచ్చి ఎత్తుకుపోతే, అది పగ తీర్చుకోవడానికి వచ్చిన మనిషే అనుకునేవారు. దాని వెనక ఉన్న భయాన్ని నేను గౌరవిస్తాను. ఇక రాజుల, దొరల సంగతి వేరు. వాళ్ళకు పులి ఒక బహుమతి. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకుడైన విజ్జీ, మన విజయనగరం రాజకుమారుడే. ఆయన మూడు వందలకు పైగా పులులను కాల్చాడని క్రికెట్ రచయితలు రాశారు. అది ఒక్కరి లెక్క. అలాంటి వాళ్ళు దేశమంతా ఉన్నారు. 1972లో లెక్క వేస్తే దేశం మొత్తంలో మిగిలినవి 1,827 పులులు. అదే ఏడు వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడు ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. 2006లో పద్ధతి మార్చి లెక్కిస్తే 1,411 మాత్రమే తేలాయి. 2022కి 3,682కి చేరాయి. యాభై ఏళ్ళ ప్రయత్నం ఫలించిందంటే దాని అర్థం ఏమిటో ఒప్పుకోవాలి. పులులు పెరిగితే అవి నడుస్తాయి. నడిస్తే ఎప్పుడో ఒకసారి మన చేలో అడుగు పెడతాయి.

అప్పుడు మొట్టమొదట వినిపించే కోరిక, పట్టుకుని ఎక్కడో దూరంగా వదిలేయండి అని. ఎంతో న్యాయంగా వినిపించే కోరిక ఇది. కానీ దీని అనుభవం మహారాష్ట్రలో ఉంది. పుణె జిల్లా జున్నర్ వైపు చెరకు తోటల్లో చిరుతలు ఎక్కువ. 2001 నుంచి అక్కడ వాటిని పట్టి అడవుల్లో వదలడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఆ ప్రాంతంలో మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 ఉండేవి. తరలింపు మొదలైన తర్వాత 17కి పెరిగాయి. విద్యా ఆత్రేయ, ఆమె తోటి పరిశోధకులు ఈ సంగతి పరిశీలించి ప్రచురించారు. తన చోటు నుంచి పెరికి తెచ్చిన చిరుత కొత్త చోట దారి ఎరగదు, నీళ్ళు ఎరగదు, మనుషుల వేళలు ఎరగదు. ఖాళీ అయిన పాత చోటుకు ఇంకో చిరుత వస్తుంది. అదే ఆత్రేయ అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా అకోలే దగ్గర పొలాల మధ్య కెమెరాలు పెట్టి చూస్తే, అడవే లేని ఆ నేలలో నూరు చదరపు కిలోమీటర్లకు దాదాపు ఐదు చిరుతలు లెక్క తేలాయి. రాత్రి ఇళ్ళ పక్క నుంచే నడిచి వెళ్ళేవి. ఊరివాళ్ళకు ఆ సంగతి చాలా భాగం తెలియదు.

ఇలా చెబుతున్నానని ప్రమాదాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. 2023 జూన్‌లో తిరుమలకు వెళ్ళే అలిపిరి నడకదారిలో ఒక చిన్న పిల్లవాడిని చిరుత నోట కరుచుకుపోయింది. పెద్దలు అరిచి వెంటపడితే వదిలేసింది, బాబు బతికాడు. ఆగస్టు 11 రాత్రి అదే దారిలో ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి చిరుతకు కూడా హక్కుందని చెప్పగలిగే ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు కూడా. మనిషికి ముప్పుగా తేలిన జంతువును పట్టాల్సిందే. చట్టమే ఆ వీలు ఇచ్చింది. అక్కడ బోన్లు పెట్టి వరసగా చిరుతలను పట్టారు కూడా. అయితే ఆ దారి గురించి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. నడిచేవాళ్ళు వదిలే తిండి, ఆ తిండికి చేరే కుక్కలు, పందులు, వాటి కోసం దిగే చిరుత. ఈ వరస ఎక్కడైనా ఒకటే. మన ముడసర్లోవలో, మధురవాడలో, గాజువాక అవతలి కొండ వాలుల్లో చెత్త ఎక్కడ పోస్తున్నామో, అక్కడ కుక్కలు ఎన్ని పోగవుతున్నాయో చూస్తే చిరుత రేపు ఏ వీధికి వస్తుందో ముందే చెప్పవచ్చు. చెత్త బండి సరిగ్గా వచ్చే కాలనీకి పది మంది కాపలాదారుల కంటే ఎక్కువ రక్షణ ఉన్నట్టు లెక్క.

2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో దూరదర్శన్ కేంద్రం పరిసరాల్లో చిరుత తిరిగింది. పక్కనే దివాన్‌చెరువు అడవి. కొన్నాళ్ళకు కడియం నర్సరీల వైపు వెళ్ళింది. పూలమొక్కల మధ్య పనిచేసే కూలీలకు పని ఆగిపోయింది. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. పులి కబురుకు అందరికంటే ముందు నష్టపోయేది రోజు కూలీ. కంచె, కారు, మేడ ఉన్నవాళ్ళకు అది ఫోన్‌లో చూసే వింత. చీకటితో లేచి పాలు పితకాల్సిన మనిషికి, బహిర్భూమికి చేనుగట్టుకు వెళ్ళాల్సిన ఆడమనిషికి అది బతుకు సమస్య. పనికి వెళ్ళొద్దని చాటింపు వేసే ప్రభుత్వం ఆ రోజుల కూలి ఎవరిస్తారో కూడా అదే నోటితో చెప్పాలి.

పశువు పోయిన రైతు విషయం ఇంకా ముఖ్యం. గేదె అంటే పల్లెలో నెల నెలా వచ్చే జీతం. అది పోతే పరిహారం వస్తుందన్న నమ్మకం ఉన్న రైతు అటవీ శాఖకు ఫోన్ చేస్తాడు. ఆ నమ్మకం లేని రైతు ఏం చేస్తాడో 2025 జూన్‌లో కర్ణాటకలోని మలే మహదేశ్వర కొండల్లో చూశాం. పులి చంపిన ఆవు కళేబరంలో విషం కలిపారు. ఒక తల్లి పులీ, నాలుగు పిల్లలూ చచ్చిపోయాయి. గోవాలో 2020 మొదట్లో ఇలాగే నాలుగు పులులు పోయాయి. ఒక గుప్పెడు గుళికల మందు చాలు. 2022లో మన మూడు జిల్లాల్లో ఎందరి పశువులో పోయినా ఒక్కరూ ఆ పని చేయలేదు. పులి ప్రాణంతో వెళ్ళిపోయింది. ఈ సంగతి ఎవరూ పత్రికల్లో పెద్దక్షరాల్లో వేయలేదు. పోతులూరు చుట్టుపక్కల రైతులకు, అనకాపల్లి మెట్ట రైతులకు ఈ ఆకాశవాణి నుంచి నేను చేతులెత్తి నమస్కారం పెడుతున్నాను.

కాబట్టి మీకు పులో చిరుతో కనిపించిందనుకోండి. పరుగెత్తకండి, వంగి కూర్చోకండి. దాన్నే చూస్తూ, గట్టిగా మాట్లాడుతూ మెల్లగా వెనక్కి అడుగులు వేయండి. పిల్లలుంటే ఎత్తుకోండి. రాత్రి పొలానికి వెళ్ళక తప్పకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి, దీపంతో, మాట్లాడుకుంటూ వెళ్ళండి. గొడ్ల పాకకు తడికె ఉంటే చాలదు, తలుపు కావాలి, పైన కప్పు కావాలి. మేకలను వాకిట్లో రాటకు కట్టి వదిలేయకండి. చిరుత మాటు వేసిన గుట్ట చుట్టూ జనం మూగితే అది తప్పించుకోవడానికి మీ మీద నుంచే దూకుతుంది. దాడులు చాలా భాగం అలా జరిగినవే. గుట్టకు దారి వదిలి ఊరివాళ్ళు వెనక్కి వస్తే చీకట్లో అది తన దారిన పోతుంది. అడవిపందుల కోసం ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టిన వాళ్ళు ఉంటే ఆ రోజైనా తీసేయండి. ఉచ్చులో కాలు తెగిన చిరుత మళ్ళీ వేటాడలేదు, చేతికి దొరికినదాని మీద పడుతుంది.

వాట్సాప్‌లో పెట్టే ముందు గ్రామ సచివాలయానికి చెప్పండి, అటవీ శాఖ బీటు అధికారికి చెప్పండి. అడుగు కనిపిస్తే దాని మీద తట్ట బోర్లించి ఉంచండి, ఎవరూ తొక్కరు. ఫొటో తీస్తే పక్కన అగ్గిపెట్టె పెట్టి తీయండి, కొలత తెలుస్తుంది.

అధికారులకు కూడా ఒక మనవి. ప్రతి సచివాలయంలో ఒక పుస్తకం పెట్టండి. ఎవరు చూశారు, ఏ రోజు, ఏ వేళ, ఏ గెడ్డ దగ్గర, ఎటు వెళ్ళింది, చివరికి ఏ జంతువని తేలింది. కుక్క అయితే కుక్క అని, జంగుపిల్లి అయితే జంగుపిల్లి అని రాయండి. పదేళ్ళు అలా రాస్తే మందస నుంచి పాపికొండల దాకా జంతువులు ఏ గెడ్డ వెంబడి దిగుతున్నాయో, ఏ రోడ్డు దగ్గర ఆగిపోతున్నాయో మన చేతిలో లెక్క ఉంటుంది. రేపు సబ్బవరం దగ్గరో, ఆనందపురం దగ్గరో ఇంకో రహదారి వేసే ఇంజనీరుకు, దాని కింద జంతువులు వెళ్ళే దారి ఎక్కడ వదలాలో చెప్పడానికి ఆ పుస్తకమే ఆధారం అవుతుంది.